బైలాకు బలమెక్కడిది?

చిక్కబళ్లాపురం అంటే పూలు, ద్రాక్ష. చింతామణి అంటే టమోటా. బాగేపల్లి అంటే వేరుశనగ. పంట ఏదైతేనేమి, అది బండి దిగి, కాటా ఎక్కి, కొన్నవారి లారీలో చేరేదాకా మోసేది హమాలీ భుజమే గదా! ఈ మోసేవారికీ, కాటా వేసేవారికీ మార్కెట్ కమిటీవారి లైసెన్సు వుండాలి. ఆ లైసెన్సు చుట్టూ బైలాలని కొన్ని చిన్న నియమాలుంటాయి. "కమిటీవారు రాసుకున్న బైలా కూడా చట్టమేనా? దానికి మేము కట్టుబడి తీరాలా?" అని మండీలలో పనిచేసే మనవారు అడుగుతూ వుంటారు. ఈ మాసం ఆ సంగతి ముచ్చటించుకుందాము.

ముందు వంశవృక్షం చూద్దాం. చట్టం తల్లి. ప్రభుత్వం చేసే రూల్సు బిడ్డ. కమిటీ చేసే బైలా మనుమరాలు. ఈ మనుమరాలికి అమ్మమ్మ ఇచ్చిన ఆస్తి తప్ప స్వార్జితం ఏమీ లేదు. చట్టం ఇచ్చిన అధికారం మేరకే బైలా చెల్లుతుంది. అది దాటి ఒక్క అడుగు వేసినా కోర్టు ముందు నిలవదు.

మన సీమ మైసూరు సంస్థానంలో వుండగా 1939లోనే మార్కెట్ల చట్టం వచ్చింది. తరువాత రాష్ట్రమంతటికీ ఒకటిగా 1966లో వ్యవసాయోత్పన్నాల మార్కెటింగు చట్టం చేశారు. అది 1968 మే 1 నుండి అమలులోకి వచ్చింది. ఆనాడు మన మూడు ఊళ్లూ కోలారు జిల్లాలోనివే. చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడింది 2007లో. వర్తకులు, కమిషన్ ఏజెంట్లు, కాటా వేసేవారు మొదలుగా మార్కెట్లో పనిచేసేవారు లైసెన్సు తీసుకోవాలన్నది ఆ చట్టం చెప్పినమాట. కమిటీ బైలాలు చేసుకోవచ్చు గాని, పై అధికారి ఆమోదం కావాలి.

"కష్టపడి బతికేవానికి లైసెన్సేమిటి? రాజ్యాంగం ఏ వృత్తయినా చేసుకోమన్నది గదా?" అంటారు కొందరు. నిజమే, 19వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. కాని ప్రజాహితం కోసం సమంజసమైన కట్టుబాట్లు పెట్టవచ్చునని కూడా ఆ అధికరణంలోనే వుంది. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం మీద అరుణాచల నాడార్ అనే వర్తకుడు సుప్రీంకోర్టుదాకా వెళ్లాడు. 1958లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. తూకంలోనూ ధరలోనూ రైతు మోసపోకుండా మార్కెట్టును అదుపులో పెట్టడం న్యాయమే అన్నది అందులోని సారం. కాబట్టి లైసెన్సే అక్రమమన్న వాదం నిలవదు.

అలాగని ప్రతి బైలా నిలుస్తుందా? అదీ లేదు. ఉత్తరప్రదేశ్‌లో కైరానా అనే ఊరి మునిసిపల్ బోర్డు, అనుమతి లేకుండా కూరగాయల టోకు బేరం చేయరాదని బైలా పెట్టింది. ఆ బేరం ఒక్కడికే గుత్తకిచ్చి, మరొకరికి లైసెన్సు ఇచ్చే దారే లేకుండా చేసింది. 1950లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1952లో అదే రాష్ట్రంలోని జలాలాబాదు కేసులో, చట్టం అధికారమివ్వని ఫీజును బైలా పేరుతో వసూలు చేయరాదని చెప్పింది. ఈ రెండింటిలోనూ కోర్టుకెక్కినవారు కూరగాయల వర్తకులే.

ఇంగ్లండులో 1898లో ఒక తమాషా కేసు జరిగింది. ఎవరి ఇంటికైనా 50 గజాల లోపల వీధిలో పాడుతుంటే, ఆ ఇంటివారో పోలీసో వద్దన్న పక్షంలో మానివేయాలని కెంట్ కౌంటీవారి బైలా. దానిని కోర్టు నిలబెట్టింది. ప్రజలు ఎన్నుకున్న సంఘం చేసిన నియమాన్ని తేలికగా కొట్టివేయరాదు, కాని అది పక్షపాతంతోనో, దురుద్దేశంతోనో, ప్రజలను పీడించేటట్లుగానో వుంటే చెల్లదు, అన్నారు న్యాయమూర్తులు. నేటికీ అదే గీటురాయి.

ఆ గీటురాయిమీద మన హమాలీ సంగతి పెట్టి చూద్దాం. బిల్ల ధరించి పనిచేయాలి, కూలిరేట్లు బోర్డుమీద రాయాలి, తూకం అందరి ఎదుట వేయాలి అన్న బైలా ఎవరికీ అన్యాయం చేయదు. రైతుకూ మేలు, హమాలీకీ మేలు. కాని ఫలానా గుంపువారికే లైసెన్సు అన్నా, చట్టంలో లేని రుసుము అడిగినా, సంజాయిషీ వినకుండా లైసెన్సు రద్దు చేసినా, దానిని ప్రశ్నించడానికి గట్టి ఆధారం వున్నట్లే. లైసెన్సు పోవడమంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోవడమే గనుక, చెప్పుకొనే అవకాశం ఇవ్వడం దయ కాదు, ధర్మం.

ఇంకొక మాట. మండీలో "రూలండీ" అని చెప్పే సంగతులన్నీ బైలాలు కావు. కొన్ని వట్టి ఆనవాయితీలు. ఎవరో మొదలుపెట్టిన మామూలు పదేళ్లు గడిస్తే శాసనమైపోతుంది మన నోళ్లలో! అందుచేత అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇది ఏ కాగితం మీద వుంది? చట్టంలోని ఏ సెక్షను కింద చేశారు? ఆమోదించినదెవరు? సమాధానం రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు.

బైలా తప్పని తోచినా పని ఆపి గొడవకు దిగడం తెలివి కాదు. కాపీ తీసుకుని అర్జీ ఇవ్వాలి, అప్పీలు చేయాలి. అక్కడా న్యాయం జరగకుంటే హైకోర్టు వుండనే వుంది.

మన ఇళ్లలో మాట తెలుగు, కచేరీ కాగితం కన్నడం. కన్నడం చదవలేని అన్నలెందరో అందులో ఏమున్నదో తెలియకుండానే వేలిముద్ర వేస్తున్నారు. బడిలో కన్నడం నేర్చిన పిల్లలు ప్రతి ఇంటా వున్నారు. ఆ కాగితాన్ని వారిచేత చదివించి, తెలుగులో చెప్పించుకుని, అటుపైన వేలిముద్ర వేయమని మా మనవి.