ముందుజాగ్రత్తా, ముప్పా?

దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌తో తీసుకునేవారికి చలికాలం గండమే. దగ్గు ముదిరి, కళ్లె పచ్చబడి, ఊపిరాడక ఆస్పత్రి పాలవుతుంటారు. రోగం తిరగబెట్టక ముందే యాంటీబయాటిక్ ఇస్తూ పోతే ఏమన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1950, 60 దశకాల్లో బ్రిటన్ వైద్యులు శీతాకాలమంతా టెట్రాసైక్లిన్ ఇచ్చి చూశారు. కాలక్రమంలో ఆ పద్ధతి మరుగున పడింది. దానికి మళ్లీ ప్రాణం పోసింది 2011లో వెలువడిన అమెరికా పరిశోధన. 1,142 మంది రోగుల్లో ఒక వర్గానికి ఏడాదిపాటు రోజూ 250 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్, మరో వర్గానికి మందు లేని మాత్ర ఇచ్చారు. మందు లేనివారిలో నూరు మందికి ఏడాదికి 183 సార్లు రోగం ముదరగా, వాడినవారిలో అది 148కి తగ్గింది. వినికిడి మందగించినవారు మాత్రం 20 నుంచి 25 శాతానికి పెరిగారు. మందుకు లొంగని సూక్ష్మజీవులూ వారి ముక్కు, గొంతుల్లో అధికంగా తిష్ఠ వేశాయి.

గుండె లయ, వినికిడి పరీక్షించి, ముప్పున్నవారిని ముందే మినహాయించిన పరిశోధనలో దక్కిన ఫలితమిది. ఆ జాగ్రత్త మనకు సాధ్యమా? 2016 అంచనాల ప్రకారం దేశంలో శ్వాసనాళాలు మూసుకుపోయే ఈ తరహా వ్యాధిగ్రస్తులు సుమారు 5.5 కోట్లు. ఈసీజీ యంత్రమే లేని పల్లె వైద్యశాలలో వినికిడి పరీక్ష ఊసెక్కడిది? క్షయ కాదని తేల్చుకోకుండా దగ్గుకు నెలల తరబడి మాత్రలు మింగించడం మరీ ప్రమాదం. పొగ తాగడం మాననివారికి ఈ చికిత్స అంతగా పని చేయదనీ తేలింది. కట్టెల పొయ్యి పొగ పీల్చే ఇల్లాలికి మాత్రకన్నా ముందు కావలసింది గ్యాసు సిలిండరు. 2016లో ఉజ్వల పథకం కనెక్షన్ ఇచ్చినా, మళ్లీ నింపించుకునే స్తోమత లేక కట్టెలకే మళ్లిన ఇళ్లెన్నో!

అసలు భయం మరొకటి. 2019లో దేశ ప్రైవేటు మందుల విపణిలో అత్యధికంగా వాడిన యాంటీబయాటిక్ మాత్ర 500 మిల్లీగ్రాముల అజిత్రోమైసినే. 2016 నుంచి పాకిస్థాన్‌లోని సింధ్‌లో – అక్కడి హైదరాబాదు సహా – ప్రబలిన మొండి టైఫాయిడ్‌కు నోటి ద్వారా ఇవ్వదగిన మందుగా మిగిలిందీ అదే. దానికీ లొంగని టైఫాయిడ్ క్రిములు బంగ్లాదేశ్‌లో బయటపడ్డాయి. సరిహద్దులు క్రిములను ఆపవు. ఉపఖండమంతటికీ ఆసరాగా ఉన్న మందును ఇలా విచ్చలవిడిగా వాడడం ఆత్మహత్యాసదృశం.

తరచూ రోగం ముదిరి, ఇన్‌హేలర్లతోనూ అదుపు కాని కొద్దిమందికి ఈ చికిత్సను నిరాకరించరాదు. నిపుణుడు పరీక్షించి రాసివ్వాలి, గడువు ముగిశాక కొనసాగింపును సమీక్షించాలి. 2014 మార్చి 1 నుంచి అమలైన ‘హెచ్1’ నిబంధన కింద వైద్యుడి పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచవలసిన తొలి 46 మందుల్లో అజిత్రోమైసిన్ లేదు. నెలల తరబడి వాడే ఏ యాంటీబయాటిక్‌కైనా ఆ రిజిస్టరు తప్పనిసరి చేయాలి. ఔషధ తనిఖీ అధికారులు దుకాణాలకు వెళ్లి ఆ పుటలు తిరగేయాలి.