ఇంజన్‌కు క్షిపణి ముద్ర, పంపుకు విడిభాగం వేషం

2025 జులై 30 సాయంత్రం శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్‌-16 లేచింది. అది మోసుకుపోయింది నిసార్‌ను. నాసా, ఇస్రో కలిసి కట్టిన ఉపగ్రహం, వంద కోట్ల డాలర్లు దాటిన ఖర్చు. దాన్ని కక్ష్యలో దించిన పై దశలో మండింది మన సొంత క్రయోజెనిక్ ఇంజన్. సరిగ్గా ఈ జాతి ఇంజన్‌నే 1992లో అమెరికా ‘క్షిపణి సరుకు’ అంది. ఆంక్షలు పెట్టింది. మన నోటి దగ్గరి సాంకేతికతను లాగేసుకుంది. ఇప్పుడు తన రాడార్‌ను తెచ్చి ఆ ఇంజన్ మీదే కూర్చోబెట్టింది.

ఆ ఇంజన్‌లో మండే హైడ్రోజన్ మారలేదు. ఆక్సిజన్ మారలేదు. మారిందల్లా పెద్దమనిషి అవసరం.

ఎగుమతి నియంత్రణ అనగానే ఆవలించే పాఠకులారా, కాసేపు మేలుకోండి. ఒక వస్తువును ఏ పట్టికలో, ఏ వరుసలో చేర్చాలో తేల్చడం గుమాస్తా పని అనుకుంటున్నారు కదూ? ఆ గుమాస్తా పని తప్పుగా జరిగినందుకే పులికాట్ పక్కనున్న ఈ శ్రీహరికోట దీవి ఇరవై ఏళ్ల మూల్యం చెల్లించింది.

సంగతి చెబుతా. 1991 జనవరిలో ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో ఒప్పందం రాసుకుంది: క్రయోజెనిక్ ఇంజన్లూ ఇస్తారు, చేసే విద్యా నేర్పుతారు. అమెరికా కళ్లెర్రజేసింది. 1987లో జీ-7 దేశాలు కూర్చుని రాసుకున్న క్షిపణి సాంకేతిక నియంత్రణ ఏర్పాటు, ఎంటీసీఆర్, దాని చేతిలో ఉంది. 500 కిలోల బరువును 300 కిలోమీటర్లు మోయగల రాకెట్లు, వాటి దశలు అందులో మొదటి తరగతి సరుకు. క్రయోజెనిక్ దశ కూడా దశే కదా, కొట్టు ముద్ర! 1992 మేలో ఇస్రో మీద, గ్లావ్‌కాస్మోస్ మీద రెండేళ్ల ఆంక్షలు. రష్యాకిచ్చే సాయానికి ఈ ఒప్పందాన్ని ముడిపెడుతూ సెనేట్‌లో సవరణ తెచ్చినాయన పేరు జో బైడెన్. అవును, ఆయనే, తర్వాత అధ్యక్షుడై మన భుజం మీద చెయ్యేసి ఫొటో దిగినాయనే. 1993 జులైకి రష్యా వంగిపోయింది.

“పట్టికలో దశ అని రాసి ఉందిగా, అక్షరం ప్రకారం సబబే” అనే న్యాయకోవిదులు మన దగ్గరా ఉన్నారు. సరే, అక్షరమే చూద్దాం. ద్రవ హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీల దగ్గర కాపాడాలి. ప్రయోగానికి ముందు గంటల తరబడి నింపాలి, నింపాక ఆవిరైపోతుంటే మళ్లీ నింపాలి. శత్రువు వస్తున్నాడంటే మీట నొక్కే సరుకు కాదది. ద్రవ హైడ్రోజన్‌తో నడిచే యుద్ధ క్షిపణి భూమ్మీద ఏ సైన్యం దగ్గరా లేదు. పోనీ, అయినా అది క్షిపణే అనుకుందాం. మరి చివరికి కుదిరిన రాజీ ఏమిటి? విద్య నేర్పకూడదు, తయారైన దశలు మాత్రం అమ్ముకోవచ్చు. అలా ఏడు దశలు శ్రీహరికోటకు వచ్చాయి. క్షిపణి సరుకే అయితే ఏడు రావడానికి ఎలా ఒప్పుకున్నావు దొరా? అంతకుముందు అమెరికాకే చెందిన జనరల్ డైనమిక్స్ ఇలాంటి ఇంజన్లు మనకు అమ్ముతానని ఎందుకు ముందుకొచ్చింది? తనవాడు అమ్మితే వ్యాపారం, పక్కవాడు నేర్పితే ప్రపంచానికి ప్రమాదం! మనిషిని బట్టి ముల్లు జరిపే చేపల తక్కెడ అది.

మనం పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే. 2010 ఏప్రిల్ 15న సొంత క్రయోజెనిక్ దశతో చేసిన మొదటి ప్రయోగం సముద్రం పాలైంది. 2014 జనవరి 5న గెలిచాం. ఈ మధ్యలో, 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత, శ్రీహరికోట కేంద్రాన్నీ అక్కడి ఘన ఇంధన కర్మాగారాన్నీ అమెరికా తన నిషిద్ధ సంస్థల జాబితాలో వేసింది. ఆ పేర్లు తీసేసరికి 2011 జనవరి అయింది. ఈ దీవి కోసం యానాదులు తమ చోటు వదిలారు. రాకెట్ ఎగిరే రోజుల్లో జాలర్లు వల పక్కన పెడతారు. తప్పుడు ముద్ర ఖరీదు ఢిల్లీ ఫైళ్లలోనే కాదు, ఈ రేవుల్లోనూ తేలుతుంది.

చప్పట్లు కొడుతున్నారా? ఆపండి. అసలు దెబ్బ ఇప్పుడు వేస్తాను, అది మీకే.

2016 జూన్‌లో మనం అదే ఎంటీసీఆర్‌లో సభ్యులమయ్యాం. ఇప్పుడు ముద్ర కొట్టే బల్ల దగ్గర మనకూ కుర్చీ ఉంది. మన పట్టిక పేరు స్కోమెట్. సున్నా నుంచి ఎనిమిది దాకా విభాగాలు. అణు సరుకు సున్నాలో, విషరసాయనాలు ఒకటిలో, అంతరిక్ష, విమాన వ్యవస్థలు అయిదులో, ఆయుధాలు ఆరులో. పట్టికలో ఉన్న వస్తువు దేశం దాటాలంటే అనుమతి కావాలి. ఎక్కువ సరుకుకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అయిన డీజీఎఫ్‌టీ, అణు సరుకుకు అణుశక్తి శాఖ, ఆయుధాలకు రక్షణ ఉత్పత్తుల శాఖ. తన వస్తువు ఆ పట్టికలో ఉందో లేదో మొట్టమొదట తేల్చుకోవాల్సింది మాత్రం ఎగుమతిదారే. అక్కడే మన వీరుల బండారం బయటపడుతుంది.

“మా కస్టమ్స్ ఏజెంటు, సీహెచ్ఏ చూసుకుంటాడండీ.” ఆయన చూసేది షిప్పింగ్ బిల్లు. మీ పంపు లోపల ఏ లోహం ఉందో ఆయనకెలా తెలుస్తుంది?

“హెచ్ఎస్ కోడ్ వేశాం కదా.” ఆ కోడ్ పన్ను కోసం. అది వస్తువు పేరు అడుగుతుంది. స్కోమెట్ దాని సత్తా అడుగుతుంది. బోరు నీళ్లు తోడేదీ పంపే, నరాలను చంపే విషం తయారీలో యాసిడ్ తోడేదీ పంపే. తేడా ఎక్కడ? ద్రవం తగిలే భాగం టైటానియమా, టాంటలమా, నికెల్ మిశ్రమమా, ఫ్లోరోపాలిమర్ పూతా? సీల్ ఒకటా, రెండా, అసలు లేదా? గంటకు 0.6 ఘనపు మీటర్లు దాటి తోడుతుందా? ఈ ప్రశ్నలకు జవాబు డేటాషీట్‌లో ఉంటుంది. దాన్ని తెరిచే తీరికే మన సేఠ్‌కు ఉండదు. ఇన్‌వాయిస్ మీద ‘ఇండస్ట్రియల్ స్పేర్స్’ అని గిలికేస్తే పనైపోతుంది!

“కొనేవాడు మనకు పాతికేళ్లుగా తెలుసు.” కొనేవాడి గురించి అడగవలసిందే, కానీ అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: వస్తువు ఏమిటి? మొదటిదానికి రెండోదాని జవాబు రాయడమే 1992లో అమెరికా చేసింది. అది శత్రుత్వంతో చేసింది, మీరు స్నేహంతో చేస్తున్నారు. కాగితం మీద పడ్డ అబద్ధం ఒకటే.

“సరుకేం పంపలేదు, డ్రాయింగ్ మెయిల్ చేశాం.” డ్రాయింగ్ కూడా సరుకే మహాశయా! ఇస్రోకు 1993లో దక్కకుండా పోయింది ఇంజన్ కాదు, డ్రాయింగే. ఆ విలువ తెలుగు గడ్డకు ఇంకొకరు నేర్పాలా?

“మేం ప్రత్యేక ఆర్థిక మండలిలో, అదే సెజ్‌లో ఉన్నాం.” ఉండండి. తడ దాటి శ్రీసిటీలో ఉన్నా, చెన్నైలో ఉన్నా, పట్టికలోని వస్తువు విదేశానికి పోతే అనుమతి కావలసిందే. సెజ్ గోడ సుంకాన్ని ఆపుతుంది గానీ చట్టాన్ని ఆపదు.

ఇక అతి తెలివి రకం ఒకటుంది: “ఎందుకొచ్చిన గొడవ, అన్నిటికీ స్కోమెట్ అని రాసేస్తే పోలా?” పోదు. మామూలు బోల్టును క్షిపణి భాగమని రాసే భయస్థుడూ, క్షిపణి భాగాన్ని మామూలు బోల్టని రాసే దొంగా ఒకే గూటి పక్షులు. ఇద్దరూ వస్తువు వైపు చూడరు. మన ఇంజన్ మీద పడ్డది ఆ మొదటి రకం ముద్రే.

దొరికినప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉంది. ఢిల్లీ కంపెనీ ఒకటి టైటానియం పంపుల్లాంటి సరుకును తప్పుడు వివరాలతో సద్దాం కాలపు ఇరాక్‌కు చేర్చింది. 2002 సెప్టెంబరులో ఇరాక్ మీద బ్రిటన్ ప్రభుత్వం వేసిన నివేదికలో ఆ కంపెనీ పేరు అచ్చయింది. ఆ నివేదిక చెప్పిన మారణాయుధాలు దొరకనే లేదు, యుద్ధం మాత్రం జరిగింది. మన ఎగుమతిదారు కాగితం మీది అబద్ధం ఇంకొకడి పెద్ద అబద్ధానికి సాక్ష్యంగా నిలబడింది. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేం కావాలి? 2005లో మారణాయుధాల నిరోధక చట్టం వచ్చింది, జైలు ఉంది. విదేశీ వాణిజ్య చట్టం కింద సరుకు విలువకు అయిదు రెట్ల దాకా జరిమానా ఉంది. అయినా భయం లేదు. ఎందుకంటే మన దగ్గర దీన్ని నేరమనరు, ‘లౌక్యం’ అంటారు.

ఢిల్లీ ఆఫీసులనూ వదలను. లేతు మిషను మీద మైక్రాన్లలో పని తీయగల మన మేస్త్రీకి ఆ పట్టిక చదివి అర్థం చేసుకోవాలంటే ఇంగ్లిషూ, ఇంజనీరింగూ, లా మూడూ రావాలి. వందల పేజీల గెజిట్ భాషను వెబ్‌సైట్‌లో పడేసి, ‘తెలియకపోవడం సాకు కాదు’ అని కుర్చీలో వెనక్కి వాలడం పాలన కాదు, పలాయనం. తప్పు చేశాక నోటీసు ఇవ్వడానికున్న ఓపిక, చెయ్యకముందు తెలుగులో నాలుగు ముక్కలు చెప్పడానికి ఎందుకుండదు?

కానీ ఆ సాకు మీకు పనికిరాదు. హైదరాబాద్ కుర్రాళ్ల స్కైరూట్ 2022 నవంబరు 18న ఇదే శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. రేపు మన వాల్వులు, కార్బన్ ఫైబర్ గొట్టాలు, సాఫ్ట్‌వేర్ పది దేశాలకు పోతాయి. అందులో ఒక్క కాగితం అబద్ధమని తేలితే చాలు. ముద్ర ఆ ఒక్కడి మీద పడదు, ఊరందరి మీదా పడుతుంది. 2011 దాకా మోసిన జాబితా మళ్లీ మోద్దామా?

దమ్ముంటే ఈ వారం ఒక పని చేయండి. మీరు బయటికి పంపే వస్తువుల్లో ఒక్కటి తీసుకోండి. డిజైన్ చేసిన ఇంజనీరును పక్కన కూర్చోబెట్టుకోండి. పదార్థం, పీడనం, కచ్చితత్వం, ప్రవాహం ఒక్కో అంకెనూ పట్టికలోని అంకెతో పోల్చండి. పట్టికలో ఉందో లేదో, ఎందుకో కాగితం మీద రాసి, కింద మీ సంతకం పెట్టండి. సీహెచ్ఏది కాదు, మీది. తేల్చుకోలేకపోతే డీజీఎఫ్‌టీని రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా సరుకు గోడౌన్‌లోనే ఉంచండి.

సంతకం పెట్టడానికి చెయ్యి వణికితే ఆ కంటైనర్‌ను కదపకండి. అది కూడా చేతకాదంటారా? అయితే 1992లో అమెరికా మనకు చేసిన అన్యాయం గురించి ఇంకెప్పుడూ నోరెత్తకండి. ఆ మాట అనే హక్కు అబద్ధం రాయనివాడిదే.