భూమికి మనము పడిన బాకీ

చెరకు నరకుట ముగిసిన దినములలో మన జహీరాబాదు ప్రాంతపు పొలములనుండి పొగలు లేచుట సభ్యులెల్లరు ఎరిగిన విషయమే. తోటను శుభ్రము చేయుచున్నానని తలంచి రైతు చెరకు చెత్తకు నిప్పు పెట్టును. పత్తికట్టెకును, కందికట్టెకును తరచుగా అదే గతి పట్టుచున్నది. మృగశిర కార్తె వచ్చునాటికి ఆ రైతే యూరియా బస్తాలకై గోదాము ఎదుట వరుసలో నిలుచును. ఈ రెండు పనులకును సంబంధము కలదనియు, మొదటిది రెండవదానికి కొంతవరకు కారణమనియు మా అభిప్రాయము. ఈ మాసము ఆ విషయమునే సభ్యుల ఆలోచనకు తెచ్చుచున్నాము.

నేల సారము ఎట్లు నిలుచునో తెలిసికొనగోరువారు ముందుగా అడవిని చూడవలెను. దున్నువాడు లేడు, ఎరువు వేయువాడు లేడు. అయినను అడవి వందలయేండ్లు పచ్చగా నిలిచియుండును. అందును ఉష్ణదేశములలో విస్తారముగా వానలు కురియుచోట్ల పెరుగు మహారణ్యముల సంగతి మిక్కిలి విచిత్రమైనది. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులును, ఆఫ్రికాలోని కాంగో అడవులును, మన దేశమున పడమటి కనుమలలోని సతతహరితారణ్యములును ఈ జాతివే. అమెజాను అడవిలో ఒక్క ఎకరమున నిలిచియున్న చెట్లను ఎండబెట్టి తూచినచో పలుచోట్ల నూరు టన్నులకు మించును. అంతటి సంపదను మోయు నేల ఎంత బలమైనదో అని ఎవరికైనను తోచును. కాని అమెజాను నేలలలో పెక్కుభాగము మన ఎర్రచెలకలకంటెను బీదవి. ఎడతెగని వానలకు సున్నము, పొటాషు మొదలగునవి ఏనాడో కొట్టుకొనిపోయి, ఇనుమును అల్యూమినియమును మాత్రము మిగిలినవి. ఇట్టిచోట్ల మొక్కకు కావలసిన ఆహారములో అధికభాగము మానులలోను, ఆకులలోను, రాలిన చెత్తలోను ఉన్నది. నేలలోతున దాచుకొన్నది స్వల్పము.

ఆ అడవి బ్రతుకు తెరువు ఎట్టిదనగా: ఎకరమునకు ఏటేట మూడు నాలుగు టన్నుల ఎండుటాకు, పుల్ల రాలును. రాల్చుటకు ముందే చెట్టు ఆకులోని నత్రజనిలోను భాస్వరములోను సుమారు సగమును వెనుకకు లాగికొనును. రాలిన దానిని చెదలు, వానపాములు, బూజులు, సూక్ష్మజీవులు పట్టుకొనును. వేడిమియు తేమయు తోడుండుటచే ఆకు ఏడాది తిరుగకమునుపే చాలవరకు కుళ్లి మన్నగును. చలిదేశపు అడవులలో ఇదే పనికి ఏండ్లు పట్టును. కుళ్లినదంతయు వానకు జారిపోకుండ నేలపైననే వేళ్లు చాపవలె అల్లుకొని అందుకొనును. వెనెజువేలా దేశమున సాన్ కార్లోస్ అనుచోట శాస్త్రజ్ఞులు ఇట్టి వేళ్ల చాపపై గుర్తుపట్టదగిన సున్నపు ధాతువును, భాస్వరమును చల్లి పరీక్షించిరి. వేయి పాళ్లలో ఒక పాలు మాత్రమే వేళ్లను దాటి క్రిందికి పోయినదని 1978లో ప్రకటించిరి.

అంత పొదుపరి అడవికిని కొంత నష్టము తప్పదు. వాననీటితో నదులపాలగు భాస్వరము ఉండనే యున్నది. ఆ లోటు తీరు మార్గము ఆశ్చర్యకరము. ఆఫ్రికాలోని సహారా ఎడారినుండి గాలికి లేచిన దుమ్ము సముద్రము దాటి వచ్చి అమెజానుపై పడుచున్నది. దానితో ఏటేట సుమారు 22,000 టన్నుల భాస్వరము వచ్చుచున్నదనియు, వరదలలో పోవునదియు ఇంచుమించు అంతేననియు 2015లో అమెరికా అంతరిక్షసంస్థ లెక్క తేల్చినది. వచ్చినదియు పోయినదియు సరిపడుటచేతనే ఆ అడవి నిలిచియున్నది.

ఈ లెక్కను చెరిపినచో ఏమగునో కొండలలోని పోడు వ్యవసాయము మనకు తెలుపుచున్నది. చెట్లు నరికి కాల్చినపుడు మానులలో నిలువయున్న సారము బూడిదగా ఒక్కమారు నేలకు చేరును. రెండు మూడేండ్లు పంట బాగుగ పండును, పిదప తగ్గును. తూర్పు కనుమలలోని కొండరెడ్లు మొదలగువారు ఈ సంగతి పుస్తకము చదువకయే ఎరుగుదురు. కావుననే పూర్వము వారు ఆ చోటు విడిచి, అడవి మరల పెరుగుటకు ఏండ్లతరబడి గడువిచ్చెడివారు. గడువు కురుచయైనచోట కొండవాలు బోడియైనది. ఏటేట అదే చేను దున్ను మనకు అట్టి గడువు లేదు. కావున అడవి తనంతట చేసికొను పనిని మనము చేతులార చేయవలసియున్నది.

ఇందులకు మన నేలల స్వభావము మరియొక కారణము. జహీరాబాదు చుట్టుపట్ల నల్లరేగడితోపాటు లాటరైటు అను ఎర్రనేలయు విస్తారముగా కలదు. ఈ పేరు 1807లో ఫ్రాన్సిస్ బుకానన్ అనువాడు మలబారు ప్రాంతపు నేలకు పెట్టినది. లాటిను భాషలో ఇటుక అను మాటనుండి వచ్చినది. ఉష్ణదేశపు అడవుల క్రింద కనబడు నేలలకు ఇది చుట్టమే. ఇందలి ఇనుము భాస్వరమును పట్టుకొని మొక్కకు సులభముగా విడువదు. ఇట్టి నేలపై పైపొర జీవము పోయినచో బస్తాలతో వేసిన ఎరువునకును పూర్తి ఫలము దక్కదు.

ఇచట కొందరు సభ్యులు ఒక ఆక్షేపణ చేయుదురు. “అడవి తన ఆకును తానే తినును, మేము పంటను అమ్ముకొననిచో అప్పు తీరునా?” అని. న్యాయమైన ప్రశ్నయే. బండికెక్కిన చెరకుతోను, అంగడికి పోయిన కందులతోను నేలసారము కొంత ఊరు దాటును. దానికి బదులుగా ఎరువు కొనకతప్పదు. బస్తాలను మానుడని మేము చెప్పుట లేదు. అమ్ముడుపోని భాగమును సయితము గాలికి వదలుట ఎందులకని మాత్రమే మా ప్రశ్న.

లెక్క చూడుడు. ఎకరము చెరకుతోటలో మూడు నాలుగు టన్నుల ఎండుచెత్త మిగులును. అడవిలో ఏడాదికి రాలు ఆకును ఇంచుమించు అంతే కదా! ఆ చెత్తలో నత్రజని నూటికి అరపాలు కంటె కొంచెము తక్కువ. అనగా ఎకరమునకు 12 మొదలు 16 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని సుమారు 20 కిలోలు. నిప్పు పెట్టినపుడు ఈ నత్రజనిలో అధికభాగము పొగతో పోవును. అనగా ఎకరమునకు సగము బస్తాకు పైగా సారము గాలిలో కలియుచున్నది. పొటాషు బూడిదలో మిగిలినను గాలికిని తొలివానకును కొంత పోవును. వీటికంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. నేలలోని జీవములకు ఆహారమైనదియు, తేమను పట్టి నిలుపునదియు అగు సేంద్రియపదార్థము పూర్తిగా కాలిపోవును. అది ఏ బస్తాలోను దొరకదు. వానలు నాలుగు నెలలే కురియు మన సీమలో తేమ విలువ ఎట్టిదో రైతునకు వేరుగా చెప్పవలెనా?

అయితే చెత్తను ఎట్లు పడిన అట్లు దున్నివేయుటయు తగదు. పచ్చి చెత్త కుళ్లునపుడు సూక్ష్మజీవులు తమ పనికై నేలలోని నత్రజనినే మొదట వాడుకొనును. పైరు కొన్నివారములు పాలిపోవును. కావున కార్శితోటలో చెత్తను సాలు విడిచి సాలు పరచుట మేలు. లేదా పేడతోను మన్నుతోను పొరలుపొరలుగా పేర్చి కుళ్లబెట్టవలెను. ఆల్బర్టు హోవార్డు అను వ్యవసాయశాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరు నగరమున పనిచేసి ఈ కంపోస్టు పద్ధతిని శాస్త్రీయముగా స్థిరపరచెను. అడవి పద్ధతినే అతడు ఆదర్శముగా చూపెను. ఇక గులాబిరంగు పురుగు పట్టిన పత్తికట్టెను చేలో నిలిపియుంచరాదు. ముక్కలు చేసి దూరముగా కుళ్లబెట్టవలెను. ఎండుతెగులు సోకిన కందికట్టెను సయితము ఆ చేననే వదలరాదు.

కంది మాట వచ్చినది గనుక మన పెద్దల తెలివిని ఇచట తలచుకొనుట యుక్తము. జొన్నలో కందిసాళ్లు వేయుట ఈ ప్రాంతపు పాత అలవాటు. కంది గాలినుండి నత్రజనిని గ్రహించును. కోతకు ముందే ఆకు రాల్చి నేలను కప్పును. ఒక విధముగా చేనులోని చిన్న అడవియే. అంతియే కాదు. మన హైదరాబాదు దారిలోనే యున్న పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధనాసంస్థవారు 1990లో ఒక విశేషము ప్రకటించిరి. ఎర్రనేలలో ఇనుము పట్టుకొన్న భాస్వరమును కందివేరు తనలోనుండి ఊరు ఒక ఆమ్లముచే విడిపించి గ్రహించునట. మొదట కందికి దక్కిన ఆ భాస్వరము, ఆకు రాలి కుళ్లినపుడు మరుసటి పంటకును కొంత అందును. మన పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని దళిత స్త్రీలు, బీడుపడిన చెలకలలో చిరుధాన్యములను పప్పుదినుసులను కలిపి పండించి చూపిరి. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటరు బహుమానము లభించినది. పేదనేలయందు పంటల కలయిక ఎంత పని చేయునో తెలిసికొనుటకు మనము దూరదేశము పోనక్కరలేదు.

ఈ సందర్భమున సంఘముల ముందు మూడు సూచనలు ఉంచుచున్నాము. చెత్త తగులబెట్టరాదని ఊరూర సభ్యులు సభ చేరి తీర్మానించుకొనవలెను. ఒకని నిప్పు ప్రక్కవాని తోటకును పాకును గనుక ఇది ఒంటరిగా సాగు పని కాదు. రెండవది, చెత్తను ముక్కలు చేయు యంత్రమును ఒక్కొక్క రైతు కొనలేడు. సంఘము కొని వంతులవారీగా బాడుగకు ఇచ్చినచో అందరికిని అందును. కూలి ప్రియమగుటచేతనే రైతు అగ్గిపెట్టె తీయుచున్నాడని మరువరాదు. మూడవది, బస్తాలకు అప్పు ఇచ్చుచున్నట్లే పెంట తోలించుటకును, గెట్లమీద కానుగ, గ్లిరిసీడియా నాటుటకును సంఘము అప్పు ఇవ్వవలెను. ఆ చెట్ల పచ్చిరొట్ట మన చేలకు రాలుటాకు వంటిది.

అప్పు తీర్చనివానికి మరల అప్పు పుట్టదని సహకార సంఘ సభ్యులకు మేము నేర్పనక్కరలేదు. భూమియు అట్టిదే. ఎన్నియో ఏండ్లుగా మనకు అడిగినంత ఇచ్చినది. ఇప్పుడు ఏటేటికి ఎక్కువ ఎరువు అడిగి తక్కువ పంట ఇచ్చుచున్నదని పలువురు రైతులు చెప్పుచున్నారు. రాబోవు కోతల కాలమున చేతిలోని అగ్గిపుల్లను గీయుటకు ముందు ప్రతి సభ్యుడును ఈ లెక్కను ఒక్కమారు మనసున వేసికొనుగాక.