పూతకు మందు కొట్టేవాడి రక్తం ఎవరు చూస్తారు?

"ఆకు పసరే గదా, పనిచేస్తే చేసిద్ది, లేకపోతే నష్టమేముంది?" మన పేటల్లో రోజూ వినపడే మాట ఇది. నష్టం ఉంది.

తిప్పతీగనే తీసుకుందాం. మన కంచెలన్నిటికీ అల్లుకునేదే. కరోనా రోజుల్లో జనం దాన్ని తెగ కాచుకుని తాగారు. చాలామందికి ఏమీ కాలేదు. కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చాయి. అలాంటి 43 మంది వివరాల్ని 2022లో మన దేశపు 13 ఆసుపత్రుల డాక్టర్లు ప్రచురించారు. ఒంట్లోని రక్షణ శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే లక్షణాలు ఆ రోగుల్లో కనపడ్డాయి. కేంద్ర ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండి, తిప్పతీగ క్షేమమే అంటుంది. కానీ ఒకరికి పడింది ఇంకొకరికి పడదన్న సంగతి మన ముసలమ్మలకూ తెలుసు.

ఇప్పుడు పెద్ద ఆసుపత్రులు "ప్రెసిషన్ మెడిసిన్" అంటున్నది దీన్నే. జబ్బు పేరు చూసి అందరికీ ఒకే గోలీ ఇవ్వకుండా, ఈ మనిషి జన్యువులేంటి, తిండేంటి, పనేంటి అని చూసి వైద్యం చెయ్యడం. జన్యువుల మీద ప్రభుత్వం బాగానే ఖర్చు పెట్టింది. 10 వేల మంది భారతీయుల జన్యుపటాలు 2025 జనవరిలో పరిశోధకుల చేతికొచ్చాయి. మంచిదే. మరి పని సంగతి ఎవరు అడుగుతున్నారు?

ఒక్క ఉదాహరణ చెబుతాను. మన రక్తంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే సూది వేస్తారు. దాన్ని విరగ్గొట్టేది ఈ ఎంజైమే. అది సరిగ్గా ఉంటే మందు పది నిమిషాల్లోపే దిగిపోతుంది. లేకపోతే గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు, మిషన్ పెట్టి బతికించాలి. ఈ లోపం మన వైశ్యుల్లో మిగతావాళ్ళకంటే వంద రెట్లు ఎక్కువ. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలో డేవిడ్ రైక్, వాళ్ళ సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలోనూ ఈ సంగతి ఉంది. కారణం? రెండు వేల ఏళ్ళకు పైగా కులంలోనే పెళ్ళిళ్ళు. కులానికి ప్రాణం కులంలోనే పెళ్ళి అని బాబాసాహెబ్ 1916లోనే న్యూయార్క్‌లో పత్రం చదివి చెప్పారు. నూరేళ్ళ తర్వాత రక్తం కూడా అదే సాక్ష్యం చెప్పింది. దీనికి వైశ్యుల్ని చూసి నవ్వుకోనక్కర్లేదు. మాల మాదిగల మధ్య ఎన్ని పెళ్ళిళ్ళు జరుగుతున్నాయో మనం లెక్కేసుకుందాం.

ఇక అసలు సంగతి. వైశ్యులకు పుట్టుకతో వచ్చే ఈ లోటు మనోళ్ళకు కూలి వల్ల వస్తుంది. మామిడి పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫేట్ జాతివి ఉన్నాయి. డైమిథోయేట్, క్లోరిపైరిఫాస్ ఈ కోవలోవే. ఇవి చేసే పనే కోలినెస్టరేజ్‌ను చంపడం. పురుగులోనూ అంతే, మనిషిలోనూ అంతే. నూజివీడు తోటల్లో మొహానికి తువ్వాలు చుట్టుకుని తలపైకి మందు కొట్టే మనిషి మీద తుంపర అంతా వాన లాగా పడుతుంది. పూతకాలమంతా కొట్టిన మనిషి ఎంజైమ్ ఎక్కడికి పడిపోయిందో చూసే నాథుడు లేడు. ఆ మనిషే వారం తర్వాత ఆపరేషన్ బల్ల ఎక్కితే, "నువ్వు మందు కొట్టే పనికి పోతావా?" అని డాక్టరు అడగడు, మనోడు చెప్పడు.

మందు మీద పడి కళ్ళూ ముక్కూ కారి, చొంగ కారి, ఒళ్ళు చెమట్లు పట్టి, కండరాలు అదిరిపోతుంటే మన దగ్గర ఏం చేస్తున్నారు? దిష్టి తీస్తారు, మజ్జిగ పోస్తారు, ఉప్పునీళ్ళు తాగించి కక్కిస్తారు, పసరు పిండుతారు. స్పృహ తగ్గిన మనిషి గొంతులో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసరు అక్కడ విషం కాకపోవచ్చు, అది తినేసిన గంటే విషం. బట్టలు విప్పి సబ్బుతో కడిగి 108కి ఫోన్ చెయ్యండి. మందు డబ్బా వెంట పట్టుకెళ్ళండి. దాన్ని చూస్తే ఏ జాతి మందో డాక్టరుకు తెలుస్తుంది, ఈ జాతిదైతే అట్రోపిన్ మొదలుపెడతాడు. ఏ నాటుమందు వాడినా, ఆయుర్వేదం గోలీ వాడినా దాచకుండా చెప్పండి. తిడతారని భయపడొద్దు. చదువుకున్నాయన తిడితే చదువుకున్నోళ్ళం మేమున్నాం, వెంట వస్తాం.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1974 నుంచి ఈ జాతి మందులు కొట్టే కూలీలకు రక్తపరీక్ష తప్పనిసరి చేసింది. పని మొదలవకముందు ఒకసారి ఎంజైమ్ ఎంతుందో రాసుకుంటారు, మధ్యమధ్య మళ్ళీ చూస్తారు. ఇద్దరి అంకెలు ఒకేలా ఉండవు కాబట్టి ఎవరి రక్తాన్ని వాళ్ళ పాత రక్తంతోనే పోల్చాలి. అంకె మొదటిదానికి 80 శాతానికో, ఆ కిందకో పడితే పని పద్ధతి విచారిస్తారు. ఇంకా పడితే మనిషిని మందు పని నుంచి తప్పిస్తారు. దీనికి జన్యుపటం అక్కర్లేదు. ఒక సూది, ఒక నోటు పుస్తకం చాలు.

డిసెంబర్లో పూత మొదలవుతుంది. నవంబర్‌లోనే మందు కొట్టేవాళ్ళ పేర్లు పేటవారీగా రాసి, మొదటి రక్తపరీక్ష నూజివీడు ఏరియా ఆసుపత్రిలో చెయ్యమని అర్జీ పెడదాం. ఖర్చు తోట గుత్తకు పట్టినోళ్ళు పెట్టుకోవాలి. కాయ ధర మాట్లాడుకునే రోజే ఈ మాట కూడా మాట్లాడాలి. పేర్లు రాసే పని ఏ పేటలో ఎవరు తీసుకుంటారో వచ్చే సంచికలోగా చెప్పండి.