అవ్వకు కుర్చీ ఇచ్చి సరిపెట్టొద్దు

పులివెందుల నుంచి ముద్దనూరు పోయే దారిలో ఉంటుంది తొండూరు. వానను, బోరును నమ్ముకుని బతికిన మెట్ట సీమ. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పరదేశం పోవడమంటే ఒకప్పుడు కువైట్ పోవడమే. ఇప్పుడు డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ పేర్లు కూడా రచ్చబండ మీద మామూలుగా వినబడుతున్నాయి. ఈ మార్పు దానంతట అది రాలేదు. 2006లో పులివెందులకు జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వచ్చింది, 2008లో ఇడుపులపాయకు ట్రిపుల్ ఐటీ వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ తోడయింది. రైతుల పిల్లలు ఇంజినీర్లయి సముద్రాలు దాటారు. వాళ్లను అక్కడిదాకా చేర్చిన దారి ప్రభుత్వ నిర్ణయాలతో, ప్రజల సొమ్ముతో వేసిన దారి. ఆ పిల్లల వెనకాలే ఇప్పుడు వాళ్ల అమ్మానాన్నలు, ముఖ్యంగా అమ్మలు, మనవళ్లను చూడటానికి ఒంటరిగా విమానం ఎక్కుతున్నారు. వీళ్ల కోసం మాత్రం ఎవరూ ఏ దారీ వేయలేదు.

ఇద్దరూ కలిసి పోవచ్చు కదా అనడం సులువు. పల్లె సంసారం అట్లా సాగదు. బర్రెలకు మేత వేయాలి, చీనీ తోటకు నీళ్లు కట్టాలి, అరటి గెలలు కోతకొచ్చే వేళకు తోట దగ్గర మనిషి ఉండాలి. అందుకని ఒకరు ఇల్లు కనిపెట్టుకుని ఉంటే ఇంకొకరు బయలుదేరతారు. పురుటికి పిలుపు వస్తే పోవలసింది ఆడమనిషే. భర్త పోయిన ఇంట్లోనైతే తోడు అన్న మాటే లేదు. సందర్శకుల వీసా మీద పోయినవారిని అమెరికాలో ఒక్కో విడతకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. మొదటి ఆరు నెలలు బాలింత తల్లి, తరవాతి ఆరు నెలలు అత్త అని వంతులు వేసుకోవడం తెలుగు ఇళ్లల్లో ఆనవాయితీ అయిపోయింది. ఆ వంతుల్లో వియ్యపురాళ్లిద్దరూ ఎవరికి వారు ఒంటరిగానే ప్రయాణం కడతారు. కాబట్టి దీన్ని విహారయాత్రగా చూడకూడదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ప్రవాస కుటుంబం పసిబిడ్డతో నిలదొక్కుకునేది ఈ అవ్వల చాకిరీ మీదే. ఆ కుటుంబాలు పంపే డబ్బును లెక్కగట్టి గొప్పగా చెప్పుకునే మనం, ఆ డబ్బు వెనక ఉన్న ఈ మనిషి ప్రయాణం గురించి ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ మనిషి ఎవరో చూడండి. ఈనాడు డెబ్బైకి చేరిన స్త్రీ 1981 నాటికి పాతికేళ్ల ఇల్లాలు. ఆ ఏటి జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో చదవను రాయను వచ్చినవారు నూటికి ఇరవై మందే. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో తరుగు లెక్క తేల్చి బేరమాడగల మనిషికి, అప్పులూ పంటలూ పెళ్లిళ్లూ నెట్టుకొచ్చిన మనిషికి తెలివి తక్కువని ఎవరూ అనలేరు. ఆమెకు లేనివి చదువూ ఇంగ్లిషూ మాత్రమే. ఈ సంగతి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్ గుర్తించింది. అక్కడ వీసా ఇంటర్వ్యూ తెలుగులో ఇవ్వొచ్చు. 79 ఏళ్లు దాటినవారికి ఇంటర్వ్యూ నుంచి ఉన్న మినహాయింపును 2025 సెప్టెంబరు నుంచి దాదాపుగా ఎత్తేశారు, కాబట్టి ఎనభై ఏళ్ల అవ్వ కూడా ఇప్పుడు ఆ కిటికీ ముందు నిలబడాలి. నిలబడినా, తన మాటల్లో తాను చెప్పుకోగలదు. ఒక విదేశీ కార్యాలయం తెలుగుకు చోటిచ్చింది. అక్కడి నుంచి కొడుకు ఇంటి గడప దాకా ఇంకెక్కడా తెలుగు వినబడే భరోసా లేదు.

ప్రయాణం ఎట్లా సాగుతుందో వరసగా చూస్తే ఈ మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. కడపలో విమానాశ్రయం ఉన్నా అక్కణ్ణుంచి విదేశాలకు విమానం లేదు. కదిరి మీదుగా బెంగళూరు దేవనహళ్లికి కారులో నాలుగైదు గంటలు. కెంపేగౌడ విమానాశ్రయం రెండో టెర్మినల్ తలుపు దగ్గర ఇంటివాళ్లు ఆగిపోతారు. అక్కడ కన్నడ బోర్డులున్నాయి, తెలుగు చదవడం వచ్చినవాళ్లు నాలుగు అక్షరాలైనా పోల్చుకుంటారు. దోహాలోనో దుబాయిలోనో ఆ ఆసరా కూడా ఉండదు. గేటు మారిందని అరబిక్‌లో, ఇంగ్లిష్‌లో చెబుతారు, తెర మీద అంకె మారుతుంది. దాన్ని దాటుకుని ఎక్కితే దోహా నుంచి డాలస్‌కు పదహారు గంటల దాకా కూర్చోవాలి. దిగాక ఇమిగ్రేషన్ అధికారి ఎందుకొచ్చావు, ఎన్నాళ్లుంటావు అని అడుగుతాడు. మనవణ్ణి చూసుకోవడానికని అమాయకంగా చెబితే జీతానికి వచ్చిందేమోనన్న అనుమానం కలగవచ్చు. అబుదాబి మీదుగా పోతే ఈ ప్రశ్నలన్నీ అబుదాబిలోనే ఎదురవుతాయి, ఎందుకంటే 2014 నుంచి అమెరికా తన తనిఖీని అక్కడే పెట్టింది. ఇంగ్లిష్ రానివారికి ప్రభుత్వ సేవల్లో భాషా సాయం అందించాలని 2000లో అమెరికాలో వచ్చిన అధ్యక్షుడి ఉత్తర్వును 2025 మార్చిలో రద్దు చేశారు. అవతలి ఒడ్డున సాయం పెరుగుతుందని ఎదురుచూసి లాభం లేదు.

ఈ చీకటిలో కుటుంబాలకు దొరికిన దీపం వీల్‌చైర్. టికెట్టు కొనేటప్పుడే వీల్‌చైర్ కావాలని గుర్తు పెడతారు. రోజూ పొలం గట్ల మీద నడిచే అవ్వ విమానాశ్రయంలో కుర్చీలో కూర్చుంటుంది. నడవగలిగినవాళ్లు కూడా కుర్చీ అడుగుతున్నారని, విమానం దిగగానే లేచి చకచకా నడిచిపోతున్నారని వెక్కిరింపులు మనం వింటూనే ఉన్నాం. వెక్కిరించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఆమెకు కావలసింది కుర్చీని తోసే మనిషి. ఆ మనిషి కావాలంటే కుర్చీ అడగడం తప్ప వేరే మార్గం లేకుండా చేసింది విమానయాన వ్యవస్థే. పోనీ ఆ కుర్చీ అయినా ఆదుకుంటుందా అంటే అదీ సగమే. చేరిన చోట ఒక మూల కూర్చోబెట్టి సిబ్బంది ఇంకొకరి కోసం పోతారు. మరుగుదొడ్డికి లేచిపోతే తన కుర్చీ దాటిపోతుందేమోనని గొంతు తడుపుకోకుండా గంటలు గడిపే పరిస్థితి వస్తుంది.

ఇందులో నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు. 2024 ఫిబ్రవరి 12న న్యూయార్క్ నుంచి ముంబయి వచ్చిన ఎనభై ఏళ్ల ప్రయాణికుడికి కుర్చీ దొరకలేదు. భార్యకు దొరికిన కుర్చీ వెంట తాను నడిచి, ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలి ప్రాణం విడిచాడు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిరిండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. జరిమానా న్యాయమే. అయితే దారి చూపే మనిషి కావలసినవాళ్లను, కాళ్లు సహకరించనివాళ్లను ఒకే వరసలో నిలబెట్టినంత కాలం కుర్చీలు ఎన్ని పెంచినా చాలవు. అవసరం లేకుండా కుర్చీ అడిగేవారి దగ్గర రుసుము తీసుకోవాలన్న వాదన కూడా సమస్యను తాకదు. డబ్బు కట్టినా ఆమెకు దొరికేది అదే కుర్చీ, అదే మౌనం.

పరిష్కారం విమానయాన సంస్థలకు కొత్తదేమీ కాదు. ఒంటరిగా ప్రయాణించే చిన్నపిల్లలకు, సాధారణంగా ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు వారికి, అవి ఎన్నో ఏళ్లుగా ఒక ఏర్పాటు నడుపుతున్నాయి. ఇక్కడ ఎవరు అప్పగిస్తున్నారో, అక్కడ ఎవరు తీసుకుంటారో కాగితం మీద రాసుకుంటారు. మధ్యలో ప్రతి మజిలీలో ఒక ఉద్యోగి చేతి నుంచి ఇంకొక ఉద్యోగి చేతికి బాధ్యత మారుతుంది. రుసుము తీసుకుంటారు, జవాబుదారీ వహిస్తారు. ఇదే పద్ధతి, కోరుకున్న పెద్దలకు, భాషా సాయంతో కలిపి ఎందుకు ఉండకూడదు? విమానాశ్రయాల్లో మీట్ అండ్ గ్రీట్ పేరుతో కొనుక్కునే సేవలు లేకపోలేదు. కానీ బెంగళూరులో కొన్నది బెంగళూరుతోనే సరి, దోహాలో మళ్లీ వేరే కొనాలి, భాషకు ఎవరూ పూచీ పడరు. ప్రయాణం మొత్తానికీ ఒకే బాధ్యత ఉండాలన్నది ఇక్కడ అసలు విషయం.

పెద్దవాళ్లను పసిపిల్లల్లా చూడటం అవమానం కాదా అని కొందరు అడుగుతారు. గౌరవించదగిన అభ్యంతరమే. అందుకే పిల్లల విషయంలో తప్పనిసరి అయినది పెద్దల విషయంలో కోరుకుంటేనే ఇవ్వాలి. నడవగలిగిన మనిషిని కుర్చీలో కుదేసి, ఎక్కడికి తోస్తున్నారో చెప్పకుండా తోసుకుపోవడం కంటే, పక్కన నడుస్తూ ఆమె మాటలో దారి చెప్పడం ఎంతో మర్యాద. పిల్లలే వచ్చి తీసుకుపోవచ్చు కదా అన్నది ఇంకొక మాట. సెలవు దొరకడం ఒక ఎత్తు, వీసా స్టాంపింగ్ ఇంకొక ఎత్తు. తిరిగి రానిస్తారో లేదోనన్న భయంతో హెచ్1బి మీదున్నవాళ్లు దేశం దాటడానికే వెనకాడే కాలమిది. నేరుగా పోయే విమానం మీద ఆశ పెట్టుకుందామా అంటే, 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు మొదలైన విమానం ఎక్కువకాలం నిలవలేదు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ గొడవంతా ఎందుకన్న వాదనే అన్నింటికంటే బలంగా కనిపిస్తుంది. అంతా సజావుగా ఉన్న రోజున వీడియో కాల్ పనిచేస్తుంది. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణి దాడి వేళ కతార్ తన గగనతలాన్ని మూసేసినప్పుడు వేలమంది ఎక్కడివాళ్లక్కడ చిక్కుకుపోయారు. 2024 ఏప్రిల్‌లో కుండపోత వానకు దుబాయి విమానాశ్రయం నీళ్లలో మునిగినప్పుడూ అంతే. అటువంటి రాత్రి ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌తో, చక్కెర మాత్ర వేసుకునే వేళ దాటిపోతుంటే, హోటల్ కూపన్ ఎక్కడిస్తారో తెలియని మనిషిని ఏ యాప్ ఆదుకుంటుంది? కొద్దిమంది కోసం ఇంత ఏర్పాటు దేనికనే వారికి ఒక లెక్క చెప్పాలి. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా, 86 శాతం పెరిగిన భాష తెలుగు. అప్పుడు సంసారాలు పెట్టిన వాళ్లకు ఇప్పుడు పిల్లలు పుడుతున్నారు, అవ్వలు బయలుదేరుతున్నారు.

కుటుంబాలు తమవంతు చేయవలసినవీ ఉన్నాయి. పదివేలు ఆదా అవుతుందని రెండు మూడు చోట్ల మారే టికెట్టు కొనకండి. అమెరికాలో దిగాక ఇంకో విమానం ఎక్కాల్సి వస్తే సామాను తీసుకుని, తనిఖీ చేయించి, మళ్లీ అప్పగించాలి. ఆ ఒక్కటి తప్పించినా సగం భారం దిగుతుంది. మందులు, చీటీ చేతిసంచిలోనే పెట్టండి. బీమా కొనేటప్పుడు పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చదివి కొనండి.

ఇంతకుమించి ఇంటివాళ్లు చేయలేరు. మిగిలింది ప్రభుత్వాల పని. ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ అన్న సంస్థను నడుపుతున్న రాష్ట్ర ప్రభుత్వం, బెంగళూరు, శంషాబాద్ విమానాశ్రయాల్లో గల్ఫ్ మీదుగా పోయే విమానాల వేళలకు తెలుగు మాట్లాడే సిబ్బందిని నిలపాలి. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు సిక్కోలు బిడ్డ, ఈ అవ్వల భాష ఆయన భాష. వీల్‌చైర్ వేరు, తోడు వేరు అని నిబంధనల్లో విడగొట్టి, ఇక్కణ్ణుంచి విమానాలు నడిపే ప్రతి సంస్థా కోరిన పెద్దలకు చివరిదాకా చేతి నుంచి చేతికి అప్పగించే సేవ ఇవ్వాలని ఆయన ఆదేశించాలి. ఇందుకు పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. డీజీసీఏ తన నిబంధనలను సవరిస్తే చాలు.