చేపలు తేలాక అందే నివేదిక

2016 మార్చిలో బెంగళూరు నడిబొడ్డున ఉన్న హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలాయి. అవి తేలాక నీటి నమూనాలు తీశారు. వేసవిలో పడే తొలి జల్లులు కాలువల్లో పేరుకున్న మురుగును ఒక్కసారిగా చెరువుల్లోకి తోసినప్పుడల్లా నగరంలో ఏదో ఒక మూల ఇదే తంతు.

నగరానికి తూర్పున ఉన్న మహదేవపుర వాసులకు ఇది దూరపు వార్త కాదు. సుమారు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు నిండితే నీరు వర్తూరు చెరువులోకి, అక్కణ్నుంచి దక్షిణ పినాకినిలోకి పారుతుంది. ఈ గొలుసుకట్టు దశాబ్దాలుగా నగరపు మురుగును మోస్తోంది. 2015 మేలో, 2017 ఫిబ్రవరిలో, 2018 జనవరిలో బెళ్లందూరు చెరువులో మంటలు లేచాయి. వర్తూరు అలుగు దగ్గర నురగ రోడ్డెక్కింది. దిగువన, తెలుగువారు ఎక్కువగా నివసించే హోసూరు సమీపంలోని కెలవరపల్లి జలాశయంలోనూ అదే నురగ. కొన్నేళ్లుగా ఈ రెండు చెరువుల్లో పూడికతీత సాగుతోంది. నీరు నిండాక చేపల పెంపకం ఏ నిబంధనల మీద జరగాలన్న ప్రశ్న మాత్రం ఎవరి బల్ల మీదా ఉన్నట్టు కనిపించదు.

చేపలు బతకడానికి లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల కరిగిన ప్రాణవాయువు ఉండాలని, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశపు ప్రమాణాలు చెబుతున్నాయి. అయితే ఆ కొలత ఏ వేళ తీశారన్నది కీలకం. మురుగు తిని బలిసిన నాచు పగటి ఎండలో ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రంతా తానే దాన్ని పీల్చేస్తుంది. అందువల్ల తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అత్యంత తక్కువగా ఉంటుంది. ఎండెక్కాక సీసా ముంచిన సిబ్బందికి అంకె బాగానే వస్తుంది. అదే చెరువులో చీకటితోనే వల తీసే జాలరికి చేపలు నీటిపైకి మూతులెత్తి గుటకలు వేయడం కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఏం జరగబోతోందో అతనికి తెలుసు. ఆ సంగతి రాసుకోవడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

ప్రమాదం చేపల చావుతో ఆగదు. బొచ్చె, శీలావతి తాళలేని నీటిలోనూ గాలి పీల్చగల ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ బతుకుతుంది. 2000 నుంచి దేశంలో దాని పెంపకంపై నిషేధం ఉంది. చెరువు చెడేకొద్దీ నిషిద్ధ జాతి వైపు ఆశ మళ్లుతుంది, తూకం తగ్గదు కనుక లెక్కల్లో అంతా సవ్యంగానే ఉంటుంది. ఆ చేప ఎలాంటి నీటిలో పెరిగిందో కొనేవారికి చెప్పే నాథుడు లేడు.

చెరువు ఒకరి అధీనంలో, మురుగు ఇంకొకరి చేతిలో, నీటి పరీక్ష మరొకరి బాధ్యతలో, చేపల గుత్త వేరొకరి దస్త్రంలో ఉన్నంతకాలం ఎవరి నివేదికా మరొకరికి ఆజ్ఞ కాదు. ప్రజా భాగస్వామ్యం లోపించిందని అనలేం. ఇదే మహదేవపుర పరిధిలోని కైకొండ్రహళ్లి చెరువును పౌర సంఘాలు, నగర పాలన కలిసి పునరుద్ధరించడం ప్రశంసనీయం. కానీ గట్టు మీద నడిచేవారి గొంతు వినిపించినంతగా నీటిలో దిగేవారి గొంతు వినిపించడం లేదు. అపార్ట్‌మెంట్ సంఘానికి లెటర్‌హెడ్ ఉంటుంది, రోజుకూలికి వల లాగేవాడికి ఉండదు.

జాలరుల గొంతు వినని ఈ లోపం ఖరీదు తెలుగు పాఠకులకు కొత్త కాదు. 1999లో కొల్లేరు సరస్సును ఐదో కాంటూరు గీత వరకు అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు రక్షణకు ఆ గీత అవసరమే. గీత లోపల చిక్కిన తమ బతుకుదెరువు సంగతి తేల్చలేదన్నది గ్రామస్థుల ఫిర్యాదు. గట్లు మళ్లీ లేచాయి, వివాదం నేటికీ ఆరలేదు. కెనడాలో ఇదే లోపం మరో రూపంలో బయటపడింది. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్ చేపలు తగ్గుతున్నాయని, దొరికేవీ చిన్నవవుతున్నాయని ఒడ్డు దగ్గర వేటాడే చిన్న జాలరులు 1980లలోనే మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్ల దిగుబడిపై ఆధారపడిన అంచనాలు వారి మాటను పక్కన పెట్టాయి. 1992లో వేటను పూర్తిగా నిషేధించాల్సి వచ్చింది. సుమారు 30 వేల మంది ఉపాధి కోల్పోయారు.

వర్తూరు, బెళ్లందూరు చెరువుల్లో చేప పిల్లలు వదలకముందే మత్స్య, జల, కాలుష్య నియంత్రణ, నగర పాలన వ్యవస్థలు ఒకే ఒప్పందంపై సంతకం చేయాలి. తెల్లవారుజాము కొలతలు తప్పనిసరి కావాలి. వాటిని ఏ రోజుకారోజు చెరువు గట్టునే కన్నడం, తెలుగు, తమిళ భాషల్లో రాసి పెట్టాలి. చేపలు మూతులెత్తాయని జాలరులు చెబితే ఆ రోజే మురుగు తూము మూయించే అధికారం ఒక స్థానిక సంఘానికి ఉండాలి, అందులో గుత్తేదారులతో పాటు వల లాగే కూలీలకూ స్థానం కల్పించాలి. పట్టిన చేపను అమ్మకానికి ముందు పరీక్షించే షరతు గుత్త పత్రంలోనే చేరాలి. ఇవి లేకుండా టెండరు పిలిస్తే, రాబోయే వేసవి జల్లుకు తేలే చేపల బాధ్యత ఆ పత్రంపై సంతకం చేసినవారిదే.