శశిరేఖ భారతంలో ఉందా?

హ్యారీ పాటర్ పుస్తకాల్లోని పీవ్స్ అనే అల్లరి దయ్యం ఎనిమిది సినిమాల్లోనూ కనిపించదు. అది అన్యాయమని ఇక్కడ షెఫీల్డ్‌లో మన పిల్లలు వాదిస్తుంటారు. మరి మన 'మాయాబజార్' మాటేమిటి?

వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అక్కడ అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరను. 1957లో కె.వి.రెడ్డి గారు, పింగళి నాగేంద్రరావు గారు కలిసి పాండవులు తెర మీదకే రాని భారతకథ చెప్పారు! యుద్ధంలో కర్ణుడి చేతిలో మరణించే ఘటోత్కచుడు, ఇందులో శశిరేఖ రూపం ధరించి మనల్ని నవ్వించాడు.

1977లో 'దాన వీర శూర కర్ణ'లో రామారావు గారు కర్ణుడి వైపు, దుర్యోధనుడి వైపు నుంచి కూడా కథ వినిపించారు. అసలు భారతం చెప్పిన వ్యాసుడే కౌరవపాండవులకు తాతగారు కదా! చెప్పేవారిని బట్టి కథ మారుతుంది.

కాబట్టి మార్చడం తప్పు కాదని నా అభిప్రాయం. ఏది మార్చారో తెలియకపోవడమే నష్టం. సినిమా ఒక్కటే చూసిన పిల్లలకు అదే భారతం అయిపోతుంది. అందుకే తల్లిదండ్రులకు నా మనవి: సినిమా చూపించండి, అసలు కథ కూడా ఇంట్లో తెలుగులో చెప్పండి. "ఈ కథ ఎవరు చెబుతున్నారు?" అని అడగడం నేర్పండి.

అప్పుడు రేపు మన పిల్లలే ఘటోత్కచుణ్ణి షెఫీల్డ్‌కు తీసుకొచ్చినా హాయిగా చూద్దాం!